ముందు లివర్ సంగతి, తర్వాతే కిడ్నీలు

ఉద్దానంలో లివర్ అనే అవయవాన్ని కనిపెట్టింది నేనే.

కొంచెం ఎక్కువైంది. అది ఇక్కడి మనుషులకు మొదటినుంచీ ఉంది. కుడివైపు పక్కటెముకల కింద, ఎవరినీ ఏమీ అడగకుండా, తన పని తాను చేసుకుంటూ పడి ఉంది. నేను చేసిందల్లా కవిటి నుంచి టెక్కలి దాకా ఊరూరూ తిరిగి "మీకు ఇది కూడా ఒకటుంది, చూసుకోండి" అని చెప్పడం. ఆ మాట చెప్పడానికే నాకు ఇన్నేళ్లూ జీతం ఇచ్చారంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నేను రిటైరైన రోజు మా మేడమ్ ఒక పని అప్పజెప్పారు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం నా అనుభవాలు రాయమన్నారు. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి, "మీరు చెప్పుకునేవి కాదు, జరిగినవి రాయండి" అని కూడా అన్నారు. ఆవిడకు నా సంగతి తెలుసు.

డాక్టర్ని కాను

నా ఉద్యోగం పేరు క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్. పలాసలో మా వీధిలో ఈ పేరును పూర్తిగా పలికినవాడు ఇంతవరకు లేడు. మా ఆవిడ "ఆసుపత్రిలో పని" అని సరిపెట్టేది. మా బావమరిది "మనుషుల మీద మందులు ప్రయోగిస్తాడు" అని ప్రచారం చేసి, పెళ్లి భోజనాల్లో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేలా చేశాడు. ఒక విధంగా మేలే. విస్తరి ముందు చేతులు బాగా ఆడేవి.

ఒక కొత్త మందో, కొత్త పరీక్షా పద్ధతో పనికొస్తుందా రాదా అని పెద్ద డాక్టర్లు తేల్చాలంటే మనుషులు కావాలి. ఆ మనుషుల్ని వెతకడం, జరగబోయేది వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, ఇష్టపడితేనే చేర్చుకోవడం, చేరినవాళ్లను ఏళ్ల తరబడి వేళకు రప్పించడం, వాళ్లకేమవుతోందో మంచీ చెడూ దాచకుండా పైకి చెప్పడం. ఇదీ పని. మాది లివర్ జబ్బులు, లివర్ కాన్సర్. గుండె జోలికీ కళ్ల జోలికీ మేం పోలేదు.

నేను డాక్టర్ని కాను. ఈ మాట ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే వజ్రపుకొత్తూరు వైపు కొన్ని ఊళ్లలో వేరేగా చెప్పుకుంటారు. తెల్లకోటు వేసుకుని బండి దిగినవాణ్ని జనం డాక్టరు బాబూ అంటారు. మొదట్లో ప్రతిసారీ కాదని సరిదిద్దేవాణ్ని. తర్వాత్తర్వాత వీలైనప్పుడు సరిదిద్దేవాణ్ని. ఆ తర్వాత మాత్రం నాడి చూడమని చెయ్యి చాపితే తప్ప నోరు మెదపలేదు.

మా మేడమ్ విశాఖలో లివర్ డాక్టరు, ఈ పరిశోధనలకు పెద్ద. పొట్టి మనిషి, నడక మాత్రం పరుగులా ఉంటుంది. మొదటిసారి పలాస వచ్చినప్పుడు జీడిపప్పు కొనిపిద్దామని తీసుకెళ్లాను. పగలనిది గుండు, రెండుగా చీలింది బద్ద, నలిగింది ముక్క అని కొట్టువాడు వివరించాడు. ఆవిడ ఆ మూడింటినీ గుర్తు పెట్టుకున్నారు. అప్పటినుంచి నేను ఏ సంగతి చెప్పినా, అందులో నిజమెంతో తేల్చుకోవడానికి, కళ్లజోడు పైనుంచి చూసి, "ఇది గుండా, బద్దా, ముక్కా?" అని అడిగేవారు.

"ముక్కే మేడమ్" అనేవాణ్ని చాలాసార్లు.

ఉప్పు తింటున్నావా

అక్కుపల్లిలో ఒక జాలరి మా దగ్గర హెపటైటిస్ బి మందు పరిశోధనలో చేరాడు. అది లివర్లో కాపురం పెట్టే వైరస్. ఏళ్ల తరబడి నొప్పి లేకుండా తినేస్తుంది. మందు మొదలుపెట్టాక అంతా బాగుంది. ఉన్నట్టుండి అతని రక్తపరీక్షల్లో లివర్ అంకెలు పైకి ఎగబాకాయి. మా మందే అతన్ని దెబ్బతీస్తోందా అని మేడమ్‌కు దిగులు పట్టుకుంది.

"వేరే మందులేమైనా వాడుతున్నావా?" అని మేడమ్ అడిగారు. "నేదమ్మా" అన్నాడు. నేను అడిగాను. "నేదు బాబూ" అన్నాడు. మనిషి అబద్ధమాడే రకం కాదు.

మా వైపు పచ్చకామెర్లకు ఆకుపసరు పోస్తారు. పోసినవాడు డబ్బు ముట్టడు. తాగినవాడు తాగానని నోటితో చెప్పకూడదు, చెప్తే మందు పారదంటారు. అంటే ఆ మనిషి మమ్మల్ని మోసం చెయ్యడం లేదు, నియమం పాటిస్తున్నాడు. మేం అడుగుతున్న ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. అందుకని ప్రశ్న మార్చాను.

"కూరలో ఉప్పేసుకుంటున్నావా?"

"నేదు. మానీసినాను."

"పులుపు?"

"అదీ మానీసినాను."

"ఎందుకోయ్?"

అతను సముద్రం వైపు చూశాడు. పసరు తాగినవాడి పథ్యం అదే. నాకు జవాబొచ్చింది. పసరు ఆపించాం, అంకెలు మెల్లగా దిగాయి, మా మందుకు చెడ్డపేరు తప్పింది. ఈ తెలివి నాకు పుట్టుకతో వచ్చిందని చాలామందికి చెప్పాను. నిజానికి చిన్నప్పుడు మా నాయనమ్మ నాకూ పసరు పోయించింది. చప్పిడి కూడు ఎంత నరకమో నా నాలుకకు గుర్తుంది. తెలివంతా ఆ నాలుకది.

అలా అడగడం నేర్చుకున్నాను. చెప్పడం నేర్చుకోవడానికి మాత్రం గున్నయ్య కావలసి వచ్చాడు.

ఎర

హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు, లివర్ గట్టిపడిపోయినవాళ్లకు, అందులో కాన్సర్ గడ్డ లేచే ప్రమాదం ఉంటుంది. అది నొప్పి పెట్టదు. నొప్పి పెట్టేసరికి చాలా పెరిగిపోయి ఉంటుంది. ఆరు నెలలకోసారి స్కాన్ తీస్తే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. ఊళ్లలో ఈ పని నిలకడగా జరుగుతుందా, జనం వస్తారా అని తేల్చడం మా పరిశోధన.

కవిటి దగ్గర ఒక ఊళ్లో మొదటి క్యాంపు పెట్టాం. బ్యానరు కట్టాం, మైకు తిప్పాం. ఎవరూ రాలేదు. ఒక ముసలావిడ మాత్రం వచ్చింది, కుర్చీ ఖాళీగా ఉందని.

"లివరంతావేటి బాబూ" అందావిడ. "మాకు కిడ్నీలే సాలవా?"

ఆ మాట మీద నేను జోకులెయ్యను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో కూర్చుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ అంకె ఇక్కడ టీ కొట్టు దగ్గర క్రికెట్ స్కోరులా నలుగుతుంది. "నీదెంత?" అంటే "ఒకటి పాయింటు రెండు" అని టక్కున చెప్తారు. తన పెళ్లిరోజు గుర్తులేనివాడికి కూడా తన కిరాటిన్ గుర్తుంటుంది. క్రియాటినిన్‌ను ఇక్కడ అలాగే అంటారు. అటువంటి చోట లివర్ గురించి మాట్లాడ్డమంటే, ఇల్లు కాలుతున్నవాడి దగ్గరికెళ్లి కిటికీలకు రంగులు వేయించుకోమన్నట్టే.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. లివర్ పరీక్షకు వచ్చినవాళ్లకు క్రియాటినిన్ కూడా ఉచితంగా చూద్దాం అన్నాను. మేడమ్ కాసేపు ఆలోచించారు. లివర్ మందులు ఇవ్వాలన్నా కిడ్నీ అంకె ఎలాగూ కావాలి కాబట్టి, పై కమిటీ అనుమతి తీసుకుని సరేనన్నారు. తర్వాతి క్యాంపుకు జనం ఎగబడ్డారు.

"చూశారా మేడమ్, నా మాట బలం" అన్నాను.

"గుండా, బద్దా?"

"ముక్క. కిరాటిన్ బలం."

మంచి కబురు ముందు

ఆ ఎరకు వచ్చినవాడే గున్నయ్య. కొబ్బరితోట, నాలుగు జీడిచెట్లు ఉన్న రైతు. గొంతు ఎంత పెద్దదంటే, తోట ఈ చివర తుమ్మితే ఆ చివర కొబ్బరికాయ రాలేది. సరే, రాలేది కాదు, ఊగేది. అతని అన్న డయాలసిస్ మీద చాలాకాలం తిరిగి తిరిగి పోయాడు. ఆనాటినుంచి గున్నయ్యకు లోకంలో ఒకటే భయం.

కిరాటిన్ కోసం చెయ్యి చాపితే రక్తంలో హెపటైటిస్ బి బయటపడింది. లివర్ కూడా గట్టిపడి ఉంది. పరిశోధనలో చేరాడు, మందు వేసుకుంటున్నాడు. రెండోసారి స్కాన్‌లో లివర్ మీద ఒక మచ్చ కనిపించింది. జీడిబద్ద అంత. అది కాన్సర్ అవునో కాదో తేలాలంటే విశాఖలో, నరంలోకి రంగుమందు ఎక్కించి, పెద్ద స్కాన్ తియ్యాలి. తొందరగా తియ్యాలి.

నేను ఫోన్ చేశాను. చెడ్డ కబురు చెప్పేముందు మంచి కబురు చెప్తే మనసు కుదుటపడుతుందని ఎక్కడో చదివాను. ఎక్కడో కాదు, నేనే అనుకున్నాను.

"గున్నయ్యా, రిపోర్టులు వచ్చాయి. ముందు మంచి మాట చెప్తాను. క్రియాటినిన్ సున్నా పాయింటు తొమ్మిది."

అవతల ఫోను స్పీకర్లో ఉంది. చుట్టూ కొబ్బరికాయలు ఒలిచేవాళ్లున్నారు. ఒక్కసారి కేకలు లేచాయి. ఎవరో ఈల వేశారు.

"గున్నయ్యా, ఇంకో మాటుంది, స్పీకరు తీసెయ్."

"ఇంకేటి గావాల మావా. రేపు రా. మేకని కోసీత్తన్నాను."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఊరంతటికీ అంకె చెప్పుకుంటూ తిరుగుతున్నాడని తర్వాత తెలిసింది.

పిల్లలూ, ఇక్కడ ఆగి ఒక మాట రాసుకోండి. మనిషి దేనికోసం చెవి ఒగ్గి ఉన్నాడో అది చెప్పేశాక, ఆ చెవి మూసుకుంటుంది. ఎర నేనే వేశాను. వచ్చినవాడు ఎర తిని, సంతోషంగా వెళ్లిపోయాడు.

కార్జం

మర్నాడు వెళ్లాను. తోటలో చాపలు పరిచారు. మేకమాంసం ఉడుకుతోంది. గున్నయ్య నన్ను భుజం మీద చెయ్యి వేసి ఊరందరికీ చూపించాడు.

"ఈ మావే మన కిరాటిన్ సూసినాడు."

నేను ఒక్క ముద్ద కూడా ముట్టకుండా నిలబడి నిజం చెప్పేశాను.

ముక్క. కూర్చున్నాను, తిన్నాను, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. అంతమంది మధ్యలో ఒకరి జబ్బు సంగతి ఎత్తకూడదన్నది నియమం. కూర అద్భుతంగా ఉందన్నది నియమం కాదు, అయినా అదీ ఉంది. గున్నయ్య భార్య దమయంతి గిన్నె పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"డాక్టరు బాబుకి కార్జం దాసినాను. లివరు డాక్టరు గదా, ఆరిది ఆరికే."

జనం గొల్లుమన్నారు. నా విస్తట్లో మేక లివర్ పడింది, పక్కన కూరలోంచి వచ్చిన జీడిబద్దలు. నేను వాటి వైపు చూశాను. అవి నా వైపు చూశాయి. విస్తరి అలాగే చేత్తో పట్టుకుని లేచి, "గున్నయ్యా, దమయంతీ, ఒకసారి ఇలా రండి" అని కొబ్బరిపీచు కుప్పల వెనక్కి తీసుకెళ్లాను.

"ఏటి మావా, ఉప్పు సాల్నేదా?"

"ఇదిగో, ఇది లివర్" అన్నాను. "నీలోనూ ఉంది, దీనికన్నా పెద్దది." ఒక జీడిబద్ద తీసి కార్జం మీద పెట్టాను. "నీ స్కాన్‌లో ఇంత మచ్చ కనిపించింది. కాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు. విశాఖలో రంగు ఎక్కించి స్కాన్ తీస్తే తెలుస్తుంది. కాన్సరే అయితే, ఇంత ఉన్నప్పుడు సూది గుచ్చి కాల్చెయ్యొచ్చు. పెరిగితే చాలా కష్టం. నిన్న ఫోన్లో చెప్పాల్సింది ఇది."

గున్నయ్య విస్తరి వైపు చూశాడు.

"అది మేకది గదా మావా" అన్నాడు.

ఎవరం నవ్వలేదు.

"రంగంతే ఏటి?" అని అడిగాడు.

"నరంలోకి ఎక్కించే మందు. గడ్డ సంగతి స్పష్టంగా కనపడుతుంది."

"ఎక్కినది ఎలగెల్తాది? ఎందులోంచి?"

"కిడ్నీల్లోంచి" అన్నాను.

"నానెల్లను" అన్నాడు. "మాయన్నకీ ఇలగే ఏదో ఎక్కించినారు. కాన్సరంతావా, రానీ. కిడ్నీలు మాత్రం ముట్టుకోనివ్వను."

సున్నా కాదు

"ఏమీ అవదు, నాదీ గ్యారంటీ." ఈ మాట నా పళ్ల దాకా వచ్చింది. అటువంటి మాటలు నాకు తేలిక. పలాస రైల్వే గేటు దగ్గర అరగంటలో పది గ్యారంటీలు ఇవ్వగలను. కానీ మేడమ్ నాకు పెట్టిన షరతు ఒకటుంది. "మిగతా విషయాల్లో మీ కోతలు మీ ఇష్టం. ప్రమాదం ఎంత అన్నచోట మాత్రం నాకు గుండే కావాలి."

మేడమ్‌కే ఫోన్ కలిపి గున్నయ్యకిచ్చాను. ఆవిడ నిదానంగా చెప్పారు. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఆ రంగుతో ప్రమాదం చాలా తక్కువ. సెలైన్ పెట్టి జాగ్రత్తగా చేస్తాం. ముందూ చూస్తాం, తర్వాతా చూస్తాం. అయితే ప్రమాదం బొత్తిగా సున్నా అని మాత్రం చెప్పలేను.

"సున్నా కాదన్నమాట."

"కాదు" అన్నారు మేడమ్.

గున్నయ్య ఫోను నా చేతిలో పెట్టి, గెలిచినట్టు పెళ్లాం వైపు తిరిగాడు. "ఇన్నావేటే. సున్నా కాదంట."

గరిటె ఇంకా దమయంతి చేతిలోనే ఉంది.

"ఇన్నాను. ఎల్లొద్దులే. కిడ్నీలు బద్రంగా దాసుకో. నువ్వు పోనాక ఆటిని అద్దాల బీరువాలో ఎట్టి, సున్నా పాయింటు తొమ్మిది అనీసి ఊరోల్లందరికీ సూపిత్తాను. పండక్కి దండేత్తాను."

"నోటికొచ్చినట్టు మాటాడకు."

"మరేటి మాటాడాల? మీయన్న కిడ్నీలు పోయి పోనాడు. నువ్వు కిడ్నీలు ఉంచుకొని పోతానంతన్నావు. వొండేది నానే, ఏడిసేది నానే. నాకు తేడా ఏటి?"

నా చేతిలో విస్తరి ఉంది కదా. ఆవిడ గోటితో ఆ జీడిబద్దను కార్జం మీంచి లేపి, పీచుకుప్ప మీదికి విసిరేసింది.

"ఇప్పుడైతే ఇలగే పోతాదంతన్నాడు. ఎల్తావా ఎల్లవా, నువ్వే సెప్పు."

గున్నయ్య గొంతు మొదటిసారి చిన్నదైంది. "నా ఎదరే సూడాలి. రంగెక్కక ముందొకపాలి, ఎక్కినాక ఒకపాలి. దాసకుండా సెప్పాలి."

"చెప్తాం" అన్నాను.

కొత్తగా వచ్చే పిల్లలకు ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. అతని భార్య తిట్టి ఒప్పించింది, నేనెందుకు తిట్టకూడదని. ఆవిడ అతనితో కాపురం చేస్తోంది, ఆవిడకు ఆ హక్కుంది. మన పని ఉన్నదున్నట్టు చెప్పి, పక్కకు జరిగి నిలబడడం. విస్తరి పట్టుకోవచ్చు, అంతవరకే.

పాయింటు తొమ్మిది బిడ్డ

విశాఖకు ఒక్క గున్నయ్యను తీసుకెళ్దామనుకుంటే సగం ఊరు రైలెక్కింది. సగం కాదు, ఒక పెట్టెలో రెండు బెంచీలు నిండాయి. ఆ భయం అందరిదీ కదా. రంగెక్కితే కిరాటిన్ ఏమవుతుందో తమ కళ్లతో చూడాలని వచ్చారు.

మచ్చ కాన్సరే. కానీ ఒక్కటే, చిన్నదే. మేడమ్ గున్నయ్య చెయ్యి పట్టుకుని చెప్పారు. అతను విని, "కాల్సీయండి" అన్నాడు. ఆ మాట తోటలో చెత్త గురించి అన్నంత మామూలుగా అన్నాడు కానీ, మేడమ్ చెయ్యి వదల్లేదు.

రంగు ఎక్కించాక రెండ్రోజులకు మళ్లీ రక్తం తీశారు. వరండాలో అందరూ నిలబడ్డారు. నేను బయటికొచ్చి, గున్నయ్య వైపు చూసి, అతను తలూపాకనే అంకె చెప్పాను. పాయింటు తొమ్మిది. కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టి ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు. నర్సమ్మ వచ్చి కసిరింది. ఎదురుగా బెంచీ మీదున్న ఒక పెద్దాయన ముచ్చటపడి గున్నయ్య బావమరిదిని అడిగాడు.

"బిడ్డ పుట్టిందా బాబూ? ఎంత బరువు?"

"పాయింటు తొమ్మిదండీ."

"అయ్యో" అన్నాడాయన. "నెలలు నిండలేదా?"

తర్వాత సూది వేసి గడ్డను కాల్చారు. ఆ సమయంలో నేను గున్నయ్య పక్కనే నిలబడి ధైర్యం చెప్పానని మా వీధిలో చెప్పుకున్నాను. నిజంగా నేను కింద క్యాంటీన్‌లో ఇడ్లీ ముందు కళ్లు మూసుకుని కూర్చున్నాను. నాకు సూదులంటే భయం. ఇన్నేళ్లు ఈ ఉద్యోగం చేసి, ఒక్క సూదిని కూడా పూర్తిగా చూడలేదు.

నెల తర్వాత తీసిన స్కాన్‌లో కాల్చిన చోట నల్లటి మరక, అంతే. బతికున్న గడ్డ లేదు. అయితే అదే లివర్లో ఇంకోచోట మళ్లీ లేవవచ్చు, కాబట్టి మందు మానకూడదు, స్కాన్‌లు తప్పకూడదు అని మేడమ్ గట్టిగా చెప్పారు. ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్కటే సందేశం వెళ్లింది. "గున్నయ్య కిరాటిన్ పాయింటు తొమ్మిదే."

చూపించడానికి

తర్వాతి క్యాంపు గున్నయ్య ఊళ్లోనే పెట్టాం. మేం వెళ్లేసరికి బడి గేటు దాటి వరస ఉంది. మేడమ్ బండి దిగి ఆ వరస చూసి, "ఇది గుండే" అన్నారు. నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. లివర్ కోసం ఉద్దానంలో వరస. ఇంటికెళ్లి ఎంత పెంచి చెప్పాలా అని లెక్కలు వేసుకుంటూ వరసలో ముందున్న పెద్దాయన్ని పలకరించాను.

"లివర్ పరీక్షకేనా తాతా?"

"ఔ బాబూ. ఈ స్కాను తీయించుకుంతే కిరాటిన్ పెరగదంట గదా. గున్నయ్యకి రంగెక్కించినా పెరగనేదు."

వెనకున్నావిడను అడిగాను. అదే మాట. ఆ వెనక కూడా అదే.

ఈ అబద్ధం నేను ఆడింది కాదు. ఇంత పెద్ద అబద్ధాన్ని నేను ఆడకుండా వేరేవాళ్లు ఆడడం నాకు కొత్త. నోరు మూసుకుంటే అందరూ సంతకాలు పెడతారు. వాళ్లలో ఇంకో గున్నయ్య ఉండొచ్చు కూడా. కానీ కిడ్నీ కోసమనుకుని లివర్ పరీక్షకు పెట్టిన సంతకం సంతకం కాదు. మేడమ్‌కు చెప్పాను. ఆవిడ వరస వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఎవరు చెప్తారు?"

బడి బెంచీ ఎక్కాను.

"ఈ స్కాన్ కిడ్నీలకు ఏమీ చెయ్యదు. కిరాటిన్ తగ్గించదు, పెరగకుండా ఆపదు. ఇది లివర్ని చూస్తుంది, అంతే. ఇంకో మాట. నేను డాక్టర్ని కాను."

రెండో మాటకే ఎక్కువ గోల లేచింది.

"మరెవులు నువ్వు?" అన్నాడు పెద్దాయన.

"జనాన్ని తీసుకొచ్చేవాణ్ని."

"తీసుకొచ్చినోడివి పంపీత్తన్నావేటి?"

వరస వెనకనుంచి కరగడం మొదలైంది. నేను బెంచీ మీదే నిలబడి ఉన్నాను, దిగడానికి మొహం చెల్లక.

అప్పుడు లోపల్నుంచి గున్నయ్య వచ్చాడు. స్కాన్ కోసం పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, పొట్ట మీద జిగురు ఇంకా తుడుచుకుంటున్నాడు, కోపంగా ఉన్నాడు.

"ఎక్కడికెల్తన్నారు? ఆగండి. నాకు లివర్లో కాన్సరొచ్చింది. ఇదిగో, ఇక్కడ్నించే సూదేసి కాల్సీసినారు." బనీను ఎత్తాడు. ఊరికి, విశాఖ దాకా వచ్చినవాళ్లకు కూడా, ఇన్నాళ్లూ కిరాటిన్ అంకె తప్ప ఆ మాట అతను చెప్పలేదు. అందరూ ఆగి, వంగి చూశారు.

"ఎక్కడ?" అన్నాడు పెద్దాయన.

"ఇక్కడే. కనపడ్డం నేదా?" తనూ వంగి వెతుక్కున్నాడు. "ఏమే, ఎక్కడే?"

దమయంతి వచ్చి వేలు పెట్టింది. "ఇదేమో."

"అది దోమ కుట్టినాది" అన్నారెవరో.

"మరయితే ఇది."

"అది సెట్టు గీసుకున్నప్పుడుది గదేటి" అంది దమయంతే.

నవ్వులు లేచాయి. పెద్దాయన నడుం ఎత్తి, "ఏటీ నేదు గదరా గున్నయ్యా" అన్నాడు.

"అదే సూపిత్తన్నాను మావా" అన్నాడు గున్నయ్య. "ఏటీ నేదు. ఎదిగినాక పట్టుకుంతే సూపించడానికి సానా ఉండును. సూపించడానికి నాను ఉండను."

పెద్దాయన వెళ్లి వరసలో నిలబడ్డాడు, ఈసారి చివర్న. ఇంకొందరు వెళ్లారు. కొందరు ఇళ్లకే పోయారు. ఆ సాయంత్రం మేడమ్, "వరస మళ్లీ నిండిందని రాసుకోమంటారా?" అని అడిగారు.

"బద్ద మేడమ్" అన్నాను. "సరిగ్గా బద్ద."

గున్నయ్య రక్తం ముందురోజే తీసుకున్నాం. అందరూ వెళ్లాక నా బల్ల దగ్గరికి వచ్చాడు, వెనకే దమయంతి.

"నా కిరాటిన్ ఎంతొచ్చింది మావా?"

"ముందు లివర్ సంగతి."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సెప్పు."

"కొత్త మచ్చలేం లేవు. కాల్చిన చోటు అలాగే ఉంది. మందు మానకు. ఆరు నెలలకి మళ్లీ రా."

మొత్తం విన్నాడు. ఒక్క మాట అడ్డు రాకుండా విన్నాడు. "ఆరు నెలలకి" అని తనలో తను అనుకున్నాడు. దమయంతి కొంగుతో అతని పొట్ట మీద మిగిలిన జిగురు తుడిచింది.

అప్పుడు చెప్పాను. "పాయింటు తొమ్మిది."

గున్నయ్య లేచి పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ అప్పటికే బడి గేటు అవతలి మేకల పాక వైపు చూస్తోంది.